ఉత్త ఎంబీబీఎస్సేనా?

నేను డాక్టర్‌గా ఉన్న పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) హౌస్‌సర్జన్ల, అంటే ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసే పిల్లల, బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటి రోజు చాయ్ దగ్గర అందర్నీ ఒకటే అడుగుతాను, ముందుముందు ఏం చేద్దామనుకుంటున్నరు అని. జవాబులు దాదాపు నాకు ముందే తెలుసు. రేడియాలజీ. డెర్మా. జనరల్ మెడిసిన్ చేసి ఆ తర్వాత కార్డియో. ఆర్థో అనే అబ్బాయి ఒకడు ఖాయంగా ఉంటాడు, వాడు జిమ్‌కు కూడా పోతుంటాడు (ఎందుకో తెలియదు, ఇది మాత్రం తప్పదు). గైనిక్ అని ఒకమ్మాయి మెల్లగా అంటుంది, పక్కనున్న ఫ్రెండ్ "పిచ్చా నీకు, జిందగీ మొత్తం నిద్ర ఉండదు" అంటుంది. ఏదో ఒక చిన్న టౌన్‌లో కూర్చుని, పిల్లలనీ ముసలివాళ్ళనీ అందరినీ చూసుకునే జనరల్ డాక్టర్‌ని అవుతాను అని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. నేనే అడిగితే నవ్వుతారు. "పీజీ రాకపోతే ఎట్లాగూ అదే కదా మేడం" అంటారు.

వాళ్ళకు ఆ పని మీద ద్వేషమేమీ లేదు. అసలు అది ఒకరు కోరుకుని చేసే పని అని వాళ్ళకు తట్టదు, అంతే. పరీక్షలో మిగిలిపోయినవాళ్ళు చేసేది అది. అందుకే నవ్వు.

ఈ పిల్లలు ఎక్కడివాళ్ళో చెప్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకప్పుడు మన దక్షిణ తెలంగాణలో సర్కారు మెడికల్ కాలేజీ అనేదే లేదు, సీటొస్తే ఉస్మానియా, గాంధీ, లేకపోతే వరంగల్ కాకతీయ. మహబూబ్‌నగర్‌లో 2016లో వచ్చింది, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, ఆ తర్వాత 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి. అంటే ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది మిర్యాలగూడ, అచ్చంపేట, కోస్గి, హుజూర్‌నగర్ పిల్లలే. పత్తి చేను తెలుసు, బోరు ఎండిపోతే ఇంట్లో ఎట్లుంటుందో తెలుసు, వలస అంటే ఏందో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. కాలేజీలు జిల్లాలకు వస్తే అక్కడి పిల్లలు డాక్టర్లై అక్కడే ఉంటారని అందరం అనుకున్నాం. కాలేజీ అయితే జిల్లాకు వచ్చింది. అందులో చెప్పే చదువు మాత్రం హైదరాబాద్ పెద్దాసుపత్రి చదువే.

నాలుగున్నరేళ్ళ చదువులో వీళ్ళకు పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ స్పెషలిస్టే. సర్జరీకి సర్జన్, పిల్లల జబ్బులకు పిల్లల డాక్టర్, కంటికి కంటి డాక్టర్. వాళ్ళు బాగా చెప్తారు, దాంట్లో సందేహం లేదు. కానీ జనరల్ ప్రాక్టీస్ చేసే మనిషి, అదే బతుకుగా పెట్టుకున్న మనిషి, క్లాసులో వీళ్ళ ముందు ఒక్కసారి కూడా నిలబడడు. వీళ్ళు అతన్ని చూసేది ఒక్క చోట, వార్డు రౌండ్లలో. పేషెంట్ చేతిలో నలిగిపోయిన చిట్టి ఉంటుంది, పెద్ద సార్ దాన్ని తీసుకుని చదివి "ఎవరయ్యా ఈ యాంటీబయాటిక్ రాసింది? ఊళ్ళో ఎంబీబీఎస్ డాక్టరా? ఇప్పటిదాకా ఏం చేసిండట?" అంటాడు. చుట్టూ నిలబడ్డ పిల్లలు నవ్వుతారు. జనరల్ డాక్టర్‌తో వాళ్ళ మొదటి పరిచయం అదీ, తప్పు చిట్టి రాసినవాడిగా. ఆ డాక్టర్ దగ్గరికి ఆ వారంలో అవే లక్షణాలతో వచ్చి, ఆయన ఇచ్చిన గోళీలతో తగ్గిపోయి ఇంట్లో ఉన్నవాళ్ళు వార్డుకు రారు కదా. ఫెయిలైన కేసు మాత్రమే పెద్దాసుపత్రికి కనిపిస్తుంది.

ఇది మన దగ్గరే ఉన్న రోగం అనుకోకండి. బ్రిటన్‌లో జీపీ (అక్కడి జనరల్ డాక్టర్) అంటే ఆరోగ్య వ్యవస్థకు వెన్నెముక, అక్కడ కూడా మెడికల్ విద్యార్థులు అటు ఎందుకు పోవడం లేదని 2016లో ప్రొఫెసర్ వాలరీ వాస్ ఆధ్వర్యంలో ఒక కమిటీ చూసింది. ఆసుపత్రి డాక్టర్లు విద్యార్థుల ముందు జీపీల గురించి తేలిగ్గా మాట్లాడటం, కాలేజీలో ఆ పనికి విలువ లేకపోవడం, ఇవన్నీ పిల్లల మనసు మారుస్తున్నాయని ఆ నివేదికలో ఉంది. చదివినప్పుడు మన వార్డు రౌండే గుర్తొచ్చింది.

మన దేశంలో ఇంకో తమాషా. 1946లో భోర్ కమిటీ సిఫారసు చేసింది ఏందంటే, అప్పటిదాకా ఉన్న ఎల్ఎంపీ లాంటి చిన్న డాక్టర్ కోర్సులు తీసేసి, అందరికీ ఒకటే ఎంబీబీఎస్ చదువు పెట్టి, ఊరికి పనికొచ్చే "బేసిక్ డాక్టర్"ని తయారు చేయాలని. అంటే ఎంబీబీఎస్‌ను అందరికీ ఒకే చదువుగా పెట్టమన్నదే జనరల్ డాక్టర్ కోసం. కోర్సు ఇప్పటికీ కాగితం మీద అదే చెప్తుంది. కానీ ఇవాళ ఎంబీబీఎస్ అంటే పీజీ ఎంట్రన్స్ రాయడానికి కావాల్సిన అర్హత. ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు, అంటే మా లాంటి చోట పనికి, 12 వారాలుంటాయి, ఆ 12 వారాలే పీజీకి చదువుకోవడానికి దొరికే టైమ్ అని సీనియర్లు జూనియర్లకు చెప్తారు. మా పీహెచ్‌సీ వెనక వేపచెట్టు కింద వైఫై బాగా వస్తుందన్న సంగతి నాకంటే ముందు వాళ్ళకే తెలుసు. ఓపీలో కూర్చున్నా చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌లో మారో (పీజీ కోచింగ్ యాప్) వీడియో, రెండింతల స్పీడులో.

నేను వాళ్ళను తిట్టను. 2 లక్షల మందికి పైగా రాసే పరీక్ష అది. ఆ పరీక్షే వాళ్ళ భవిష్యత్తు అని ఇంట్లో, కాలేజీలో, హాస్టల్‌లో అందరూ చెప్తుంటే నా మాట వినమని నేనెట్లా అడుగుతాను.

కానీ ఒక్కోసారి ఓపీనే నా తరఫున మాట్లాడుతుంది.

మాది దేవరకొండ వైపు. ఒక రోజు నాంపల్లి మండలం నుంచి ఒక అవ్వ వచ్చింది, మా దగ్గర కూతురింటికి వచ్చిందట. "బొక్కలన్నీ నొస్తున్నయ్ బిడ్డా, మెడ తిరుగుతలేదు, నడుము గుంజుతుంది" అంది. ఓపీలో ఉన్న ఇంటర్న్ మంచి ర్యాంకర్, నల్లగొండ టౌన్ అబ్బాయే. ఓపిగ్గా హిస్టరీ తీసుకుని ఈఎస్ఆర్, ఆర్ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్ (కీళ్ళ జబ్బులకు చేసే రక్తపరీక్షలు), నడుము ఎక్స్‌రే రాశాడు. తప్పేం లేదు, పుస్తకం ప్రకారం కరెక్టే. నేను పర్సులోంచి ఒక 5 రూపాయల బిళ్ళ తీసి కింద వేసి "అవ్వా, మోకాళ్ళు వంచకుండా దాన్ని తీయి" అన్నాను. అవ్వ నా వైపు చూసి "గది తీసేదుంటే నీ దగ్గరికెందుకొస్త తల్లీ" అంది. గడ్డం ఛాతీకి ఆనించమంటే ఆనలేదు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటే మోచేతులు సగంలోనే ఆగిపోయాయి. ఇదివరకు ఏ నీళ్ళు తాగేవాళ్ళని అడిగితే, ఏముంది, బోరు నీళ్ళు, పెళ్ళయినప్పటి నుంచి అవే.

అప్పుడు ఆ పిల్లాడి మొహం చూడాలి. "స్కెలెటల్ ఫ్లోరోసిస్ మేడం!" అన్నాడు. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఒళ్ళు బిగుసుకుపోయే జబ్బు. పుస్తకంలో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిన ఎక్స్‌రే ఫోటో వాడికి కళ్ళ ముందే ఉంది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టారు, దాని పేరే నల్లగొండ టెక్నిక్, దేశంలో ఏ మూల మెడికల్ స్టూడెంట్‌ని అడిగినా బిట్ ప్రశ్నలో ఆ జవాబు టక్కున పెడతాడు. ఫ్లోరైడ్ ఎంత దాటకూడదంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములని కూడా చెప్తాడు. నల్లగొండలో పుట్టి పెరిగిన పిల్లాడు, ఆ జబ్బు తన ముందు కుర్చీలో కూర్చుంటే ఆర్ఏ ఫ్యాక్టర్ రాశాడు. ఇది వాడి తప్పు కాదు. ఆ జబ్బుని వాడికి ఎప్పుడూ ఒక ప్రశ్నగానే చూపించారు, మర్రిగూడ నుంచో నాంపల్లి నుంచో బస్సెక్కి వచ్చిన మనిషిగా చూపించలేదు.

అసలు మాట ఆ తర్వాత వచ్చింది. "ఇప్పుడేం ట్రీట్‌మెంట్ మేడం?" అన్నాడు. ఎముకలో చేరిందాన్ని బయటికి తెచ్చే మందు లేదన్నాను. "మరి డయాగ్నోసిస్‌తో ఏం లాభం?" ఈ ప్రశ్న దగ్గరే మా పని మొదలవుతుందని వాడికి చెప్పాలనిపించింది, కానీ ఉపన్యాసం ఎందుకని అవ్వతోనే మాట్లాడాను. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా వస్తుంది. బాగుంది. మరి చేన్లో కూలికి పోయినప్పుడు? "ఆడ బోరే కదా." ఎండాకాలం రోజంతా తాగేది ఆ నీళ్ళే. నొప్పికి ఏం వాడుతున్నవ్? ఊళ్ళో ఆర్ఎంపీ వారానికి రెండు సూదులు వేస్తాడు, "గది ఏస్తే గుర్రం లెక్క ఉరుకుత" అంది. గుర్రం లెక్క ఉరికించే సూది ఏందో మీకు చెప్పక్కర్లేదు, స్టెరాయిడ్. దానికి తోడు నొప్పి గోళీలు రోజూ. సో, కిడ్నీ ఎట్లుందో చూడాలి, షుగర్ చూడాలి, ఆ సూది మెల్లగా మాన్పించాలి (ఒకేసారి మాన్పిస్తే అదింకో ప్రమాదం), కాళ్ళు తడబడటం, పట్టు తప్పడం మొదలైతే వెన్నుపాము నొక్కుకుంటుందని అర్థం, అప్పుడు ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పంపాలి, అంతదాకా పంపకూడదు. అంతదాకా పంపకపోవడం కూడా వైద్యమే. పంపితే స్కానింగులకు రెండు మేకలు పోతాయి, వచ్చే జవాబు ఇదే.

పిల్లాడు ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. అంతకంటే మార్పేమీ రాలేదు, వాడు ఇప్పటికీ రేడియాలజీయే అంటున్నాడు. కథలో లాగా ఆ రోజు నుంచి పల్లె డాక్టర్ అవుతానని ఒట్టేయలేదు.

"బోర్ కొట్టదా మేడం, రోజూ జ్వరం, దగ్గు, మోకాళ్ళ నొప్పులు" అని అడిగే వాళ్ళుంటారు. బోర్ కొడుతుంది, కొన్ని రోజులు బాగా కొడుతుంది, ఏ బ్రాంచ్‌లో కొట్టదో చెప్పండి. రోజంతా చీకటి గదిలో కడుపు స్కాన్లు చేసేవాళ్ళకు కొట్టదా? కానీ పెద్దాసుపత్రిలో ఉన్నవాళ్ళకు తెలియని కష్టం ఒకటి మా దగ్గరుంది. వాళ్ళ దగ్గరికి జబ్బు పేరు సగం పెట్టుకుని వస్తుంది. గుండె కేసు గుండె వార్డుకు, కిడ్నీ కేసు కిడ్నీ వార్డుకు. మా దగ్గరికి "పానం బాగలేదు" అని వస్తుంది. పానం బాగలేకపోవడమంటే రక్తం బాగా తగ్గి హిమోగ్లోబిన్ 6 కావచ్చు, గుండెపోటు కావచ్చు, కొడుకు పూణె పోయి ఫోన్ చేయకపోవడం కావచ్చు. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఒకే మాట చెప్తారు. అందులో ఎవరిని ఇప్పుడే 108 ఎక్కించాలో, ఎవరిని మూడు రోజుల తర్వాత మళ్ళీ రమ్మనాలో, ఎవరితో ఊరికే ఐదు నిమిషాలు మాట్లాడాలో ఎకో మిషన్ లేకుండా తేల్చాలి.

తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు అని ఒక యువరైతును తెస్తే అసిడిటీ ఇంజెక్షన్ చేసి పంపాలనిపిస్తుంది. కింద చాప మీద పడుకున్నాడా, కనురెప్పలు వాలుతున్నాయా అని చూస్తే కట్లపాము. దాని కాటుకు వాపు ఉండదు, గాటు కూడా ఒక్కోసారి కనిపించదు. అట్లాగే పాలమూరు వైపు పనిచేసే డాక్టర్లకు బాగా తెలిసిన కేసు ఇంకోటి: నిన్నటిదాకా బాగున్న మనిషి వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయని అరుస్తూ, ఫిట్స్‌తో వస్తాడు. ఇంటివాళ్ళు గాలి సోకిందంటారు, ఇంటర్న్ మెదడువాపు అంటాడు. కల్లు ఎన్ని రోజులైంది బంద్ చేసి అని అడగాలి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు, దుకాణం మూతపడితే మందు ఆగిపోయి ఒళ్ళు తిరగబడుతుంది. ఈ ఒక్క ప్రశ్న తెలిసిన డాక్టర్ దగ్గర తేలిపోయేది, తెలియని చోట ఎంఆర్ఐ దాకా పోతుంది. ఇది ఏ సూపర్ స్పెషాలిటీ చెప్పండి? పేరు లేదు. పేరు లేదు కాబట్టి విలువా లేదు.

పిల్లల భయాలన్నీ ఉత్త భయాలు కావు, అది కూడా చెప్పుకోవాలి. పెళ్ళి సంబంధం దగ్గర మొదటి ప్రశ్న "అబ్బాయి ఎండీనా, ఎంఎస్సా?" అని. "ఎంబీబీఎస్" అంటే రెండో ప్రశ్న "ఉత్త ఎంబీబీఎస్సేనా?" అమ్మాయిలకైతే ఇంకా అన్యాయం, పీజీ ఎంట్రన్స్‌కూ పెళ్ళికీ ఒకే వయసు కదా. మా మేనత్త ఇప్పటికీ ప్రతి పండక్కీ "ఏం బిడ్డా, పీజీ ఇంకా రాలేదా?" అని జాలిగా అడుగుతుంది. నేను రాయడం లేదత్తా అంటే నమ్మదు, వచ్చి ఉండదులే పాపం అని అమ్మతో అంటుంది.

డబ్బు సంగతి సరే. ఇంకో పెద్ద భయం ఆర్ఎంపీ. "మేం కష్టపడి చదివి ఊళ్ళో కూర్చుంటే జనం ఆర్ఎంపీ దగ్గరికే పోతారు మేడం, మాకెవరొస్తారు?" నిజమే, పోతారు. రాత్రి పన్నెండుకు తలుపు కొడితే లేస్తాడు, డబ్బులు లేకపోతే ఉద్దెర పెడతాడు, మనవడి పేరు తెలుసు, అల్లుడు తాగుతాడని తెలుసు. స్టెరాయిడ్ సూదులూ, అవసరం లేని సెలైన్లూ, యాంటీబయాటిక్‌ల దుర్వినియోగమూ నేను ఒప్పుకోను, వాటి వల్ల పాడైన వాళ్ళను రోజూ చూస్తున్నాను. కానీ జనం అతని దగ్గర కొనేది సూది ఒక్కటే కాదు. తెలిసిన మనిషి, దగ్గరున్న మనిషి. అది మన చదువుకున్న డాక్టర్లు ఖాళీ చేసిన కుర్చీ. ఒకప్పుడు నల్లగొండ ప్రకాశం బజార్‌లో, మహబూబ్‌నగర్ పాత బజార్లలో అట్లాంటి ఎంబీబీఎస్ డాక్టర్లుండేవాళ్ళు, తాత నుంచి మనవడి దాకా ఒకే డాక్టర్. ఇప్పుడు టౌన్‌లో బోర్డు చూస్తే మోకాలికి ఒకరు, మెడకు ఒకరు.

సర్కారు తీరు ఇంకో రకం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, ఆ పథకం లేకపోతే ఈ జిల్లాల్లో ఎన్ని గుండె ఆపరేషన్లు జరిగేవి కావో నాకు తెలుసు, ఇప్పుడది 10 లక్షల దాకా పెరిగింది, మంచిదే. కానీ స్టెంట్‌కు ప్యాకేజీ ఉంది, ఆ స్టెంట్ పడకుండా పదేళ్ళు బీపీ చూసి అమ్లోడిపిన్ (బీపీ గోళీ) మానేయకుండా కాపలా కాసిన డాక్టర్‌కు ఏ ప్యాకేజీ లేదు. ఏదైనా జరిగితే డబ్బు, జరగకుండా చూస్తే సున్నా. ఇరవై రెండేళ్ళ పిల్లలు ఈ లెక్క అర్థం చేసుకోలేరా?

ఇంకా విచిత్రం ఏందంటే, పీహెచ్‌సీలో కొన్నేళ్ళు చేస్తే పీజీ సీట్లలో సర్వీస్ కోటా. అంటే ఊళ్ళో బాగా పనిచేసినందుకు వ్యవస్థ ఇచ్చే బహుమతి ఊరు విడిచి పోవడం. నాతో పాటు చేరినవాళ్ళలో చాలామంది ఆ కోటా లెక్క చూసుకునే చేరారు, అట్లాగే పోయారు, వాళ్ళను నేను తప్పు పట్టను. కానీ ఇక్కడే ఉండి ఇందులోనే పైకి ఎదగాలనుకునేవాళ్ళకు మెట్లేవి? ఎంత అనుభవం వచ్చినా, ఎన్ని వందల కాన్పులు, పాముకాట్లు, పురుగుల మందు కేసులు చూసినా, కొత్తగా చేరినవాళ్ళూ నేనూ ఒకటే, మెడికల్ ఆఫీసర్.

పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి, చాలా చురుకు, "నేను ప్లాబ్ రాసి యూకే పోతా మేడం" అంది. బయటి దేశాల డాక్టర్లు అక్కడ పనిచేయడానికి రాసే పరీక్ష అది. అక్కడ ఏం చేస్తవమ్మా అంటే "జీపీ ట్రైనింగ్!" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. దేవరకొండలో జనరల్ డాక్టర్ అంటే పీజీ రానివాళ్ళు, బర్మింగ్‌హామ్‌లో జనరల్ డాక్టర్ అంటే కెరీర్. కానీ ఆ పిల్ల తెలివితక్కువగా ఏం మాట్లాడలేదు. అక్కడ ఫౌండేషన్ రెండేళ్ళ తర్వాత జీపీకి విడిగా మూడేళ్ళ ట్రైనింగ్ ఉంటుంది, ఎంఆర్‌సీజీపీ అనే గట్టి పరీక్ష ఉంటుంది, 1952 నుంచి వాళ్ళకంటూ ఒక కాలేజీ ఉంది, పేషెంట్లు జీపీ దగ్గర పేరు రాయించుకుంటారు, అత్యవసరం కాకపోతే ఆయన ఉత్తరం లేకుండా పెద్దాసుపత్రి స్పెషలిస్ట్‌ని కలవలేరు. అదే పని. చుట్టూ కట్టిన గోడలు వేరు. అక్కడ సీట్లకు ఇప్పుడు పోటీ బాగా పెరిగింది, ఆలోచించుకో అని మాత్రం చెప్పాను.

ఆ అమ్మాయికే జూలియన్ ట్యూడర్ హార్ట్ గురించి చెప్పాను. వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గు గనుల ఊళ్ళో దశాబ్దాలు జీపీగా చేశాడు. జబ్బని వచ్చినవాళ్ళకే కాదు, తన దగ్గర పేరున్న పెద్దవాళ్ళందరికీ బీపీ చూశాడు, రానివాళ్ళను వెతుక్కుంటూ పోయి మరీ. 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయన రాసిన వ్యాసం సారం ఏందంటే, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ దొరుకుతుంది, వైద్యాన్ని మార్కెట్‌కు వదిలేసిన కొద్దీ అది ఇంకా ఎక్కువవుతుంది. చందంపేట తండాలకూ జూబ్లీహిల్స్‌కూ మధ్య తేడా చూసిన మనకు ఇది కొత్త కాదు. కానీ ఆ మాట పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్ నుంచి రాలేదు, ఊళ్ళో కూర్చుని గని కార్మికుల బీపీ చూసుకునే డాక్టర్ నుంచి వచ్చింది. ఆ పిల్లకు నచ్చింది ఆ ఒక్క సంగతే. "అంటే జీపీ కూడా రీసెర్చ్ చేయొచ్చా మేడం?" అంది. ఐదేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదంట.

ఇక్కడ నాకు కోపం తెప్పించే ఇంకో సంగతి రాయాలి. గ్రాడ్యుయేషన్ డే రోజు స్టేజీ మీదికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పే మాట: పల్లెకు వెళ్ళండి, సేవ చేయండి, పేదల ఋణం తీర్చుకోండి. చెప్పేవాళ్ళ పిల్లలు ఎవరూ పల్లెలో లేరని ఈ పిల్లలకు తెలుసు. దయచేసి ఆపండి. రేడియాలజిస్ట్‌ని ఎవరూ సేవ చేయమనరు, మంచి మిషన్ ఇస్తారు, మంచి జీతం ఇస్తారు, పని నేర్పుతారు. జనరల్ ప్రాక్టీస్ దగ్గరికి వచ్చేసరికి జీతం, డిగ్రీ, గురువు ఏవీ ఉండవు, త్యాగం ఒక్కటి ఉంటుంది. త్యాగం చేయమని అడిగే పనిని ఎవరు మాత్రం మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంటారు? నేను ఇక్కడున్నది త్యాగం చేసి కాదు. ఈ పని నాకు బాగా వచ్చు, నచ్చింది, అంతే. మా ఆశా వర్కర్లతో కలిసి, కడుపుతో ఉన్నప్పుడు చూసిన తల్లి బిడ్డను ఎత్తుకుని టీకాకు వస్తే, ఆ బిడ్డ బడికి పోతూ నాకు చేయి ఊపితే వచ్చే సంతోషం కొంచెం స్వార్థమే.

అయితే ఏం చేయాలి అంటే నాకు పెద్ద పథకాలేమీ తెలియవు. కాలేజీలో ఫ్యామిలీ మెడిసిన్ (ఇంటిల్లిపాదినీ చూసే జనరల్ వైద్యం) అనే డిపార్ట్‌మెంట్ ఉండాలి, అందులో ఓపీ చేసే జనరల్ డాక్టర్లు పాఠం చెప్పాలి, ప్రొఫెసర్ అనే హోదాతో. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఫ్యామిలీ మెడిసిన్ ఎండీ మాట ఉంది, 2019 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చట్టంలో కూడా ఫ్యామిలీ మెడిసిన్ పీజీని ప్రోత్సహించాలని ఉంది. ఆ డిగ్రీ అసలు లేనిదేం కాదు, కేరళలో కోళికోడ్ సర్కారు మెడికల్ కాలేజీ ఎండీ పెట్టింది. మన జిల్లా పిల్లల్ని అడిగితే అట్లాంటి బ్రాంచ్ ఒకటుందని పదిమందిలో ఇద్దరికి కూడా తెలియదు. కౌన్సెలింగ్ లిస్టులో కళ్ళ ముందు నుంచే పోతుంది, ఆగరు. 2023లో పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు, అయినా సరే నచ్చిన బ్రాంచ్ రాలేదని ఇంకో ఏడాది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ రూములో కూర్చుంటారు గానీ ఇటువైపు చూడరు. చూడమని చెప్పినవాళ్ళెవరు అసలు?

కొత్త సిలబస్‌లో మొదటి ఏడాది నుంచే పిల్లలు ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం పెట్టారు. దాన్ని బస్సులో పోయి ఫోటో దిగి వచ్చే పనిగా కాకుండా నిజంగా చేస్తే మాత్రం నాకు చాలా ఆశ ఉంది. ఒకే ఇంటిని నాలుగేళ్ళు చూస్తే, ఆ ఇంట్లో షుగర్ ఎట్లా మొదలైంది, పెద్దాయన గోళీలు ఎందుకు మానేశాడు, వలసపోయిన కొడుకు టీబీ మందులు బొంబాయిలో ఎందుకు ఆగాయి, ఇవన్నీ కళ్ళ ముందు జరుగుతాయి. పెద్దాసుపత్రి వార్డులో ఎన్నేళ్ళున్నా అది కనపడదు.

మెసేజుల్లో నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను: డీఎన్‌బీ (ఎండీ లాంటి ఇంకో పీజీ డిగ్రీ) ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్ళు, దానికీ నీట్ పీజీయే రాయాలి, సీట్లు తక్కువ, చేరేముందు ఆ ఆసుపత్రిలో ఇప్పుడు చదువుతున్న వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడండి, ఓపీ నిజంగా చేయనిస్తున్నారా లేక క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌గా వాడుకుంటున్నారా అని అడగండి. క్లినిక్ పెట్టాలనుకునేవాళ్ళు పెట్టేముందు ఒక ఏడాదైనా ఏదైనా ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ, కాన్పులు, పిల్లల వార్డు చేసి రండి, చేతికి ధైర్యం వస్తుంది. మా పీహెచ్‌సీ చూడాలనుకునే ఇంటర్న్‌లు మీ కాలేజీలో పర్మిషన్ తీసుకుని వచ్చేయండి. బుధవారం, శనివారం మాత్రం వద్దు, టీకాల రోజు, మీతో మాట్లాడే టైమ్ నాకుండదు. సోమవారం రండి, సంత రోజు, ఓపీ నిండుగా ఉంటుంది. చాయ్ ఖర్చు నాది.